నల్లరాయి కింద తెల్లగీత

రేపు మధ్యాహ్నం బడి హాల్లో జరిగే చలికాలపు విందులో మా బావ గురించి ఒక పేజీ రాసి చదవమని పంతులమ్మ అడిగింది. "ఆయన సంగతులు నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఒక్క పేజీ చాలు. ఎక్కువ రాశావంటే సూపు చల్లారిపోతుంది" అని హెచ్చరించి మరీ వెళ్ళింది. ఇవాళ లాంచీ లేని రోజు, కొట్లో బేరాలు లేవు. పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సంగతులు నాకు తెలిసిన మాట నిజమే. వచ్చిన చిక్కంతా అదే.

బావ అంటే మా అక్క భర్త. పని వడ్రంగం. అవతలి ఒడ్డున పుట్టి పెరిగినవాడు, అక్కను చేసుకుని ఈ దీవికి ఇల్లరికం వచ్చాడు. వచ్చిన రోజే లాంచీలో పేగులు బయటికి వచ్చేలా వాంతులు చేసుకుని, ఇద్దరు మనుషుల భుజాల మీద చేతులు వేసి రేవులో దిగాడు కొత్త పెళ్ళికొడుకు. "ఇదేంటే అక్కా, నడవలేని మొగుణ్ణి తెచ్చుకున్నావు?" అని నేనంటే, పాలిపోయిన మొహంతోనే "నడుస్తాను మరదలా, నేల ఊగకుండా ఉంటే నడుస్తాను" అన్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఆయన లాంచీ ఎక్కింది నాలుగైదు సార్లు. సముద్రమంటే అంత భయం ఉన్న మనిషి చేతిలోనే మేం మా రాకపోకలన్నీ పెట్టాం. అది మంచి పనే. భయం లేనివాడికి ఆ పని అప్పగించకూడదు.

ఆ పనేమిటో చెప్పాలి. చలికాలం నాలుగు నెలలూ మాకు లాంచీ వారానికి రెండు రోజులే, బుధవారం, శనివారం. అవతలి రేవు కొండ చాటున ఉంటుంది, అక్కడి నీళ్ళు కదలవు. మా రేవుకి ఏ చాటూ లేదు. అందుకని ఇక్కడి అలలు ఎలా ఉన్నాయో ఇక్కడి మనిషే చూసి చెప్పాలి. రేవు చివర ఒక దుంగ పాతి ఉంది. దానికి నడుం ఎత్తున జానెడు ఎర్రపట్టీ. తెల్లవారగానే బావ దాని ఎదురుగా నిలబడి వంద అలలు లెక్కపెట్టేవాడు. ఒక అల ఎర్రపట్టీని ముంచినప్పుడల్లా ఒక గులకరాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేది. ఇరవై రాళ్ళు దాటితే లాంచీ రాదు. తర్వాత నా కొట్టుకి వచ్చి ఫోనులో అవతలి రేవులో ఉండే లాంచీ నడిపే సరంగుకి ఆ అంకె చెప్పేవాడు. అప్పట్లో దీవి మొత్తానికి అదొక్కటే ఫోను. దాని పక్కన మేకుకి వేలాడే పుస్తకంలో అంకె రాసేవాడు. లాంచీ రాదంటే నేను కొట్టు ముందు ఎర్రగుడ్డ కట్టేదాన్ని.

మధ్యలో తుమ్మొచ్చి లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. మంచులో ముక్కు ఎర్రబడి, వేళ్ళు కొంకర్లు పోయి, కొట్లోకి వచ్చి పొయ్యి మీద చేతులు పెట్టేవాడు.

"వంద లెక్కపెట్టడానికి ఇంతసేపా బావా? బళ్ళో పిల్లలు చిటికెలో చెప్పేస్తారు" అనేదాన్ని.

"అందుకేగా లాంచీని పిల్లలకి అప్పగించలేదు" అనేవాడు.

పంతొమ్మిది చలికాలాలు అలా లెక్కపెట్టాడు. సరిగ్గా ఇరవై వచ్చిన రోజున మళ్ళీ వెళ్ళి ఇంకో వంద లెక్కపెట్టి వచ్చేవాడు. ఆయన లెక్క మీద మా వాళ్ళకి ఎంత నమ్మకమంటే, నిండు గర్భిణి కూడా "ఆయనేమన్నాడు?" అని అడిగి, లాంచీని రమ్మన్నాడంటే మూట సర్దుకుని బయల్దేరేది.

జేబుల్లో ఎప్పుడూ రాళ్ళే కాబట్టి కోటు జేబులు ఊరికే చిరిగిపోయేవి. అక్క కుట్టి కుట్టి విసిగిపోయి, "రాళ్ళు మోసే మొగుడికి గోనెసంచి తొడగాలి" అని తిట్టేది. చివరికి తెరచాప గుడ్డ వేసి, రెండు వరసలు కుట్టి, ఇక జన్మలో చిరగని జేబులు పెట్టిచ్చింది కాజాలక్క. కాజాలక్క అంటే మా టైలరన్న భార్య. ఆయన కత్తిరించి మిషను మీద కుడతాడు, ఆవిడ కాజాలు తీసి గుండీలు కుడుతుంది. వాళ్ళ ముందుగదిలో కిటికీ కింద ఒక ఎత్తుపీట, దాని పక్కన దారపుండలు, గుండీల డబ్బా. ఏ చొక్కాకైనా కాజా చూసి, "ఇది మా దీవి చొక్కా" అని ఒడ్డున కూడా గుర్తుపట్టేవాళ్ళు. అలాంటి చెయ్యి ఆవిడది. తర్వాత కళ్ళకి పొరలు కమ్మాయి. సూదిలో దారం పక్కింటివాళ్ళు ఎక్కించి ఇచ్చే రోజులొచ్చాయి. ఆ ఏడాది చలికాలం మొదట్లో ఆపరేషనుకి ఒడ్డుకి వెళ్ళింది.

మా చలికాలం సంగతి ఒడ్డునుండే వాళ్ళకి అర్థం కాదు. తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కి, పొయ్యి చుట్టూ మంచాలు లాక్కుని, చూసిన మొహాలే చూస్తూ, చెప్పిన మాటలే చెప్పుకుంటూ బతుకుతాం. జనవరి వచ్చేసరికి మొగుడి దగ్గు విన్నా ఒళ్ళు మండుతుంది. ఆ నాలుగు నెలల మధ్యలో పండగ సెలవుల్లో వచ్చే ఈ విందు ఒక్కటే మాకు ఊపిరి. నలభై మూడు ఇళ్ళవాళ్ళమూ బడి హాల్లో చేరతాం. బడి బల్లలు చిన్నపిల్లలవి, పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అందుకని ఎవరి కుర్చీలు వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ రోజు చూడాలి, మంచులో అందరూ కుర్చీలు నెత్తిన బోర్లించుకుని నడుస్తుంటారు. ఇంట్లో ఎంతమందో అన్ని కుర్చీలు, ఒకటి ఎక్కువుండదు, ఒకటి తక్కువుండదు. సగం పైన కుర్చీలు మా బావ చేసినవే.

ఇక ఆ ఏడాది సంగతి. పదకొండేళ్ళయింది.

మా అమ్మాయి ఒడ్డున ఒక బస్సు డిపోలో గుమాస్తా. చేరి అయిదేళ్ళయినా ఒక్క విందుకీ సెలవు దొరకలేదు. ఆ ఏడాది ఎలాగో నాలుగు రోజులు దొరికింది. శనివారం లాంచీకి వచ్చింది, బుధవారం లాంచీకి వెళ్ళిపోవాలి. విందు గురువారం. ఒక్క రోజు తేడా. వచ్చినప్పటి నుంచీ "అందరూ ఉంటారు, నేనుండను" అని ముక్కు చీదుతూనే ఉంది. దానికి తండ్రి లేడు. బావకి పిల్లల్లేరు. ఆయన భుజాల మీదే అది పెరిగింది.

మంగళవారం మధ్యాహ్నం గిన్నెలో సూపు పోసుకుని బావ ఇంటికి వెళ్ళాను. అక్క పోయి అప్పటికి మూడేళ్ళు. ఒక్కడే కూర్చుని విందు కోసం హాలు తలుపు గడియ బాగుచేస్తున్నాడు. చుట్టూ చెక్కపొట్టు. గిన్నె పెట్టాను, అసలు మాట బయటపెట్టాను.

"బావా, రేపు ఒక్కరోజు లాంచీ రాకపోతే ఏమవుతుంది?"

గడియలోంచి తలెత్తలేదు. "సముద్రం వద్దంటే రాదు."

"సముద్రం సంగతి కాదు. నువ్వు వద్దంటే."

అప్పుడు తలెత్తాడు. నేను ఆగలేదు. చెవినిల్లు కట్టుకుని పోరాను. అయిదేళ్ళయింది, ఒక్కరోజు, దాని మొహం చూడు, అక్క ఉంటే నువ్వు కాదనేవాడివా అన్నాను. చచ్చిపోయిన మనిషిని కూడా వాడుకున్నాను. ఆయన గడియ అటూ ఇటూ జరిపి చూశాడు.

"అటు నుంచి రావాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నారు. సోమవారం సాయంత్రం కళ్ళాసుపత్రి నుంచి నా కొట్టుకే ఫోనొచ్చింది. కట్లు విప్పారనీ, కాజాలక్క బుధవారం లాంచీకి వస్తుందనీ చెప్పారు. నేనే వెళ్ళి టైలరన్నకి చెప్పాను. ఆయన పండగ బట్టల హడావుడిలో మిషను దిగకుండానే, సూది కింద గుడ్డ ఆపి, పిల్లాడిలా నవ్వాడు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే.

"ఎవరూ లేరు బావా" అన్నాను.

బుధవారం తెల్లవారింది. కొట్టు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. బావ రేవు చివర నిలబడి మామూలుగానే లెక్కపెట్టాడు. దొంగలెక్క చెప్పదలుచుకున్నవాడు వంద అలలూ ఎందుకు లెక్కపెట్టాలో నాకు అర్థం కాలేదు. తర్వాత లోపలికి వచ్చి, చేతులు కాచుకోకుండా ఫోను తీశాడు.

"ముప్పై ఒకటి" అన్నాడు.

అవతల సరంగు ఏదో సంతోషంగా అన్నాడు. పండగ ముందు ఇంటికెళ్ళే సందు దొరికింది కదా. బావ పుస్తకంలో ముప్పై ఒకటి అని రాసి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఎర్రగుడ్డ కట్టడానికి బయటికి వస్తే, రొట్టెలకొట్టు ఆయన సముద్రం వైపు చూసి గడ్డం గోక్కుంటున్నాడు. "పైకి ఎంత నిమ్మళంగా ఉందో చూశావా? లోపల ఏదో ఉందన్నమాట. ఆయన కాబట్టి కనిపెట్టాడు" అన్నాడు. నేను ఎర్రగుడ్డకి రెండు ముళ్ళు ఎక్కువే వేశాను. మా అమ్మాయి వెనక నుంచి వచ్చి నన్ను వాటేసుకుని గిరగిర తిప్పింది. ఆ నిమిషం నాకు ఏ పాపభీతీ లేదు. అబద్ధమాడి ఏం లాభం, సంతోషంగానే ఉన్నాను.

గురువారం హాలు కళకళలాడింది. మా ఇంటి నుంచి రెండు కుర్చీలు రావాలి. ఒకదానికి కాలు విరిగి ఉంది, అమ్మాయి వెళ్ళిపోతుంది కదా అని బాగుచేయించలేదు. అందుకని అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. అప్పుడు టైలరన్న వచ్చాడు, నెత్తి మీద రెండు కుర్చీలతో. ఒకటి ఆయనది, ఒకటి కాజాలక్కది. రెండోదాని చేతికి సూదులు గుచ్చుకునే చిన్న దిండు కట్టి ఉంది. లాంచీ రాదని తెలిసీ ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి. ముందు రోజు నుంచీ తుడిచి పెట్టుకున్న కుర్చీని ఇంట్లో వదిలి రాలేకపోయాడేమో. మా అమ్మాయి నిలబడి ఉండటం చూశాడు.

"నిలబడ్డావేంటి తల్లీ? ఇదుగో, కూర్చో. ఎటూ ఖాళీయేగా" అని కుర్చీ జరిపాడు.

అది కూర్చుంది. పాపం దానికేం తెలుసు. పక్కనే బావ సూపు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కాజాలక్క ఎప్పుడొస్తుంది అన్నా?" అని ఎవరో అడిగారు.

"నిన్ననే రావాలి. లాంచీ లేదుగా, ఏం చేస్తాం" అని టైలరన్న నా వైపు తిరిగాడు. "మొన్న ఫోనొచ్చినప్పుడు నువ్వే కదా చెల్లెమ్మా చెప్పింది, బుధవారం వస్తుందని. ఆ రాత్రి నాకు నిద్రే పట్టలేదు, తెలుసా."

బావ నా వైపు చూశాడు. కోపంగా చూసుంటే బాగుండేది. ఊరికే చూశాడు, ఒక లెక్క సరిచూసుకుంటున్నట్టు. తర్వాత గిన్నె కిటికీలో పెట్టి, చివరిదాకా ఏమీ తినకుండా కూర్చున్నాడు. పాటలు పాడారు, ఆటలాడారు, మా అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ రోజు దాన్ని చూడటం కోసమే ఇదంతా చేశాను, తీరా ఆ రోజు దాని మొహం కాక దాని కింద కుర్చీయే చూస్తూ కూర్చున్నాను.

శనివారం లాంచీ వచ్చింది. మా అమ్మాయి ఎక్కింది, కాజాలక్క దిగింది. నల్లకళ్ళద్దాలు, చేతిలో మూట, గొంతు జలుబుతో బొంగురుపోయింది. ఆసుపత్రి ఖాళీ చేసి వచ్చేసింది కాబట్టి తిరిగి వెళ్ళలేక, మూడు రాత్రులు అవతలి రేవు టికెట్ల గదిలో బల్ల మీద పడుకుందట. పండగ రోజు టికెట్లమ్మాయి తెచ్చిన రొట్టె ఇద్దరూ పంచుకున్నారట. చుట్టూ చేరినవాళ్ళకి అదంతా నవ్వుతూనే చెప్పింది. తర్వాత బావని చూసి, "అన్నయ్యా, నా కళ్ళు కుదరలేదు" అంది.

మాకు ఒక అలవాటుంది. అవతలి రేవులో లాంచీ కోసం నిలబడ్డ దీవి మనిషి ఎవరైనా ముందు మా దీవి వైపే చూస్తారు. ఆకాశం తేటగా ఉంటే దీవి కొసన ఉన్న నల్లరాయి కనిపిస్తుంది. సముద్రం పోటుగా ఉంటే ఆ నల్లరాయి అడుగున నురగ తెల్లగీతలా ఉంటుంది. గీత ఉంటే లాంచీ లేనట్టు.

"బుధవారం పొద్దున్న చూశాను. రాయి బాగానే కనిపించింది. కింద తెల్లగీత లేదు. ఎన్నిసార్లు కళ్ళు నులుముకుని చూసినా లేదు. అయితే వస్తుందనుకుని మూట భుజాన వేసుకున్నాను. ఇంతలో సరంగు వచ్చి, మీ దీవి ఆయన ముప్పై ఒకటి అన్నాడు, లాంచీ లేదు పొమ్మన్నాడు" అంది. "ముప్పై ఒకటికి ఎంత గీత ఉండాలి! అది నాకు కనిపించలేదంటే తెలుపు నా కళ్ళకి ఆనట్లేదు."

సముద్రం నిమ్మళంగా ఉందేమో అన్న అనుమానం ఆవిడకి ఒక్క క్షణం కూడా రాలేదు. మా బావ మాట తప్పై, తన కళ్ళు ఒప్పవుతాయని ఆవిడ ఊహకే అందలేదు. నేను అక్కడే, తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాను. మా అమ్మాయి లాంచీలోంచి చెయ్యి ఊపుతోంది, నేనూ ఊపాను.

తర్వాత మూడు వారాలు గడిచాయి. కాజాలక్క తెల్లబట్ట ముట్టుకోలేదు. బడిపిల్లల చొక్కాలు ముప్పై జతలు కాజాలు లేకుండా పడి ఉన్నాయి. తెల్లబట్ట మీద తెల్లదారం తనకి కనిపించదని ఆవిడ నిశ్చయించుకుంది. నిశ్చయించుకున్నాక కనిపించడం కూడా మానేసిందో ఏమో. టైలరన్న కొట్టుకి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించి చెప్పాడు.

"డాక్టరు రాసిన కాగితంలో కళ్ళు బాగున్నాయని ఉంది చెల్లెమ్మా. ఇదేమో బాగాలేవంటుంది. సూది చేతికిస్తే పక్కన పెట్టేస్తుంది. పొద్దస్తమానం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. నిన్నయితే ఏడ్చింది. పనికిరాని కళ్ళతో నీకు భారం అయిపోయానంది."

అప్పుడే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. "మెల్లగా అవే సర్దుకుంటాయి అన్నా" అన్నాను. నోట్లో నువ్వుగింజ నానదని నాకు పేరు. ఆ ఒక్క గింజ మాత్రం ఎలా నానిందో.

కానీ బావకి చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు ఫోను చెయ్యడానికి వచ్చినప్పుడు, "కాజాలక్క సూది ముట్టుకోవట్లేదు బావా" అన్నాను. ఏం చేద్దామని అడిగినట్టు అన్నాను. నిజానికి ఆ బరువు కాస్త ఆయన మీదికి తోశాను. ఆయన ఆ రోజు అంకె చెప్పి, రాసి, మేకు మీంచి పుస్తకం తీసుకుని బయల్దేరాడు. నేను కొట్టు వదిలేసి వెనకే నడిచాను.

టైలరన్న మిషను ఆపాడు. కాజాలక్క ఎత్తుపీట మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. బావ టోపీ తీశాడు, పుస్తకం తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. నేను గుమ్మం దాటలేదు.

"ఇది చదువమ్మా" అన్నాడు.

"ముప్పై ఒకటి" అని ఆవిడ చదివింది.

"అది అబద్ధం. ఆ రోజు తొమ్మిది. గీత లేదు కాబట్టే నీకు కనిపించలేదు. నీ కళ్ళు లక్షణంగా ఉన్నాయి."

టైలరన్న లేచి నిలబడ్డాడు. చేతిలో కత్తెర ఉందని కూడా ఆయనకి గుర్తులేదు. కాజాలక్క మాత్రం కదలలేదు.

"ఎందుకు చేశావన్నయ్యా?"

"బుద్ధి గడ్డి తిని" అన్నాడు బావ.

గుమ్మంలో నేనున్నాను. ఆయన ఒక్కసారి తల తిప్పి చూస్తే చాలు, అందరికీ తెలిసిపోయేది. తిప్పలేదు. నేను నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"మూడు రాత్రులు బల్ల మీద పడుకున్నాను. పండగ పోయింది. దానికి కాదన్నయ్యా నా బాధ" అంది కాజాలక్క. "నా కళ్ళతో నేను చూసి కూడా నమ్మలేదు. నీ మాటే నమ్మాను."

ఆవిడ కళ్ళు కనిపించనిదానిలా తడుముతూనే సూది అందుకుంది, తెల్లదారం తీసుకుంది. ఒక్క పోటులో ఎక్కించింది. ఒక బడిచొక్కా ఒళ్ళోకి లాక్కుని కాజా మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా బావ నిలబడే ఉన్నాడు. పూర్తయ్యాక కూడా ఆవిడ ఆయన వైపు చూడలేదు.

ఆ రోజే బావ సరంగుకి ఫోను చేసి జరిగింది చెప్పి, ఈ పని ఇక వేరేవాళ్ళకి అప్పగించమన్నాడు. సరంగు అరిచిన అరుపులు నాకు బల్ల ఇవతలికి వినిపించాయి. దీవి అంతా గుప్పుమంది. ఎందుకు చేశాడో మాత్రం ఎవరికీ తెలియదు కాబట్టి తలొక కథ అల్లారు. తాగి లెక్క మర్చిపోయాడన్నారు, చలికి బద్ధకించాడన్నారు. ఆయనకి "ముప్పై ఒకటి" అని పేరు పెట్టారు. పిల్లలు వీధిలో వెనకపడి ముప్పై ఒకటి, ముప్పై ఒకటి అని పాడేవాళ్ళు. నా కొట్లో కూడా ఆ పేరు పెట్టే జోకులేసుకునేవాళ్ళు. ఒకసారి నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానపడతారని నవ్వాను. పంతులమ్మ అడిగిన పేజీలో ఈ వాక్యం ఉండాలో వద్దో నాకు తెలియదు గానీ రాసేశాను.

దీవిలో అందరికంటే మంచి కళ్ళు ఎవరివని సరంగు అడిగితే అందరూ కాజాలక్క పేరే చెప్పారు. అప్పటి నుంచీ లెక్క ఆవిడది. ఆవిడ గులకరాళ్ళు పెట్టుకోదు, గుండీలు పెట్టుకుంటుంది. మొదటిరోజు బావ రేవు మొదట్లో దూరంగా నిలబడి, చేతులు ఖాళీ జేబుల్లో పెట్టుకుని చూశాడు. ఆవిడ ఎప్పటికో రెండేళ్ళకి ఆయనతో మాట్లాడింది. అది కూడా ఎర్రపట్టీకి రంగు వెలిసింది, కొత్తది వెయ్యమని. మర్నాడే వేశాడు. విందుకి మాత్రం ఏటా వచ్చేవాడు. తన కుర్చీ తలుపు పక్కన, అందరి వెనక వేసుకుని కూర్చునేవాడు. చలిగాలి అక్కడే ఎక్కువ.

ఈ శరత్కాలంలో మంచం పట్టాడు. నేనే చూసుకున్నాను. ఇది మెచ్చుకోలు కోసం రాయడం లేదు, ఆయనకి ఇంకెవరున్నారు? ఒక సాయంత్రం గంజి తాగిస్తూ, పదేళ్ళ నుంచి అడగనిది అడిగేశాను.

"బావా, ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు?"

చెంచా మింగి, గడ్డం తుడుచుకున్నాడు. "నా వంతు నేను చెప్పాను. నీ వంతు నువ్వు చెప్పుకుంటావని వదిలేశాను మరదలా."

"చెప్పలేదుగా."

"ఊఁ. చూస్తూనే ఉన్నా" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. లాంచీ కోసం నిలబడ్డ మనిషి లాంచీ రాలేదని చెప్పినట్టు చెప్పాడు, అంతే. పది రోజులకి పోయాడు.

ఇది ఒక్క పేజీ కాలేదు. సూపు చల్లారుతుందని పంతులమ్మ నా మీద ఒంటికాలి మీద లేస్తుంది, లేవనీ. రేపు బావ కుర్చీ కూడా నెత్తిన పెట్టుకుని వెళ్తాను. తలుపు పక్కన కాదు, ముందు వరసలో వేస్తాను. దాని పక్కన సూదుల దిండు కట్టిన కుర్చీలో కాజాలక్క ఉంటుంది. ఆవిడ కళ్ళు ఈ వయసులోనూ ఎంత దూరమైనా చూస్తాయి. చదువుతున్నప్పుడు నా మొహం ఆవిడకి బాగా కనిపిస్తుంది. మా అమ్మాయికి కూడా ఒక నకలు రాసి శనివారం లాంచీలో పంపుతాను. ఆ రోజు అది ఎవరి కుర్చీలో కూర్చుందో, ఎందుకు ఖాళీగా ఉందో దానికీ తెలియాలి.

మంగళవారం మధ్యాహ్నం చెక్కపొట్టు మధ్య కూర్చుని నువ్వు నన్ను ఒక్క మాట అడిగావు, అటు నుంచి రావాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నారు బావా. బుధవారం లాంచీకి కాజాలక్క రావాలి.